కోనసీమ వంటింట్లో ఫ్రెంచ్ ప్రెస్: కాఫీ, టీ ఎలా పెట్టుకోవాలి

రెండు సంక్రాంతుల కిందట మా అబ్బాయి హైదరాబాద్ నుంచి వస్తూ ఒక అట్టపెట్టె తెచ్చాడు. విప్పితే లోపల గాజు జాడీ, మూతలోంచి పైకి పొడుచుకొచ్చిన స్టీలు కడ్డీ, కడ్డీ చివర గుండ్రటి జల్లెడ. మా అత్తయ్యగారు అటూ ఇటూ తిప్పి చూసి, "గాజుతో జంతికల గొట్టం ఏంట్రా, పిండి బిగిస్తే పగిలిపోదూ?" అన్నారు.

ఆవిడ మాట నవ్వులాటకి అన్నదే గానీ, నేను నిజంగానే జంతికల గొట్టంలా వాడాను. ఇంట్లో ఉన్న ఫిల్టర్ కాఫీ పొడి నాలుగు స్పూన్లు వేశాను. సలసల కాగే నీళ్ళు అంచుదాకా పోశాను. మూత పెట్టి రెండు చేతులతో నొక్కాను. కడ్డీ సగం దాకా దిగి మొరాయించింది. ఇంకాస్త బలం పెట్టాను. అంతే, మూత పక్కల నుంచి కాఫీ చివ్వున చిమ్మి నా కుడి మణికట్టు మీద, గోడమీది క్యాలెండరు మీద పడింది. చెయ్యి పది రోజులకి మానింది. జనవరి కాగితం మీద భోగి, సంక్రాంతి, కనుమ మూడు గళ్ళూ కలిపి పడ్డ మరక మాత్రం ఏడాదంతా మా ఇంటికొచ్చినవాళ్ళకి చెప్పుకోవడానికి పనికొచ్చింది.

తర్వాత కొన్నాళ్ళు అది అటకెక్కింది. మళ్ళీ దింపి, తప్పులు చేస్తూ చేస్తూ, ఇప్పుడు రోజూ వాడుతున్నాను. అంబాజీపేట పక్కన పల్లెలో ఉండే నాకే కుదిరిందంటే మీకూ కుదురుతుంది. ఒక్కటి గుర్తుపెట్టుకుని మొదలెట్టండి: ఇందులో నొక్కడం ఆఖరి పది పదిహేను సెకన్ల పని. అసలు వంట అంతా పొడి బరకలోనూ, ఆగే నాలుగు నిమిషాల్లోనూ ఉంది.

అసలిది ఏం చేస్తుంది

మన ఇత్తడి ఫిల్టర్‌లో నీళ్ళు పొడిలోంచి చుక్క చుక్కగా దిగుతాయి. ప్రెస్‌లో అలా కాదు, పొడి నీళ్ళలోనే నానుతుంది. నానాక జల్లెడని కిందికి దించి పిప్పిని అడుగున ఆపేసి, పైన తేరిన కాఫీ వంచుకుంటాం. చారులో ధనియాలు వేసి కాసేపు మూత పెట్టి వడకట్టినట్టే అనుకోండి.

పేరుకి ఫ్రెంచ్ గానీ దీని కథలో ఇటలీవాళ్ళ పాలే ఎక్కువ. పారిస్‌లో మేయర్, డెల్ఫోర్జ్ అనే ఇద్దరు ఇలాంటి పాత్రకి 1852లో పేటెంటు తీసుకున్నారు. మన ధవళేశ్వరంలో కాటన్ దొర ఆనకట్ట పూర్తయిన ఏడే అది. ఇప్పుడు మనం చూస్తున్న రూపానికి దగ్గరైనదానికి 1929లో మిలాన్‌కి చెందిన కలిమానీ, మోనెటా పేటెంటు పొందారు. 1958లో బొండానీనీ అనే ఆయన మెరుగుపరిచిన నమూనా తర్వాత ఇళ్ళల్లోకి బాగా పాకింది. ఆనకట్టలాగే ఇక్కడా కిటుకు ఒకటే, నీళ్ళని ఆపాల్సినంతసేపు ఆపి వదలడం.

ఎంత సైజు కొనాలి

పెట్టె మీద 3 కప్పులు, 8 కప్పులు అని రాసి ఉంటుంది. అది చూసి మోసపోకండి. వాళ్ళ కప్పు సుమారు 120 మి.లీ. 3 కప్పులదంటే 350 మి.లీ. జాడీ. ఇద్దరికి సరిపోతుంది. 8 కప్పులదంటే లీటరుది. ఇంట్లో నలుగురైదుగురు కాఫీ తాగేవాళ్ళుంటే 600 మి.లీ.ది మంచిది. పెద్దది కొని అందులో ఒక్కరికి పెట్టుకోవాలంటే జల్లెడ నీటిమట్టం దాకా సరిగా అందదు.

గాజు అయితే బోరోసిలికేట్ (వేడికి తట్టుకునే గాజు) అని ఉన్నదే తీసుకోండి. మా ఇంట్లోలా చిన్నపిల్లలు, గచ్చునేల, కంగారు చేతులు ఉంటే రెండు పొరల స్టీలుది నయం. పగలదు, వేడి ఆరదు. లోపల ఏం జరుగుతోందో కనపడదు, అదొక్కటే లోటు. నేర్చుకునేటప్పుడు గాజుదే నాకు పనికొచ్చింది.

పొడి దగ్గరే సగం పని

ప్రెస్‌కి బరక పొడి కావాలి. ఇంగ్లీషు వీడియోల్లో ఉప్పు పలుకులంత అంటారు. మన ఇళ్ళల్లో ఉప్పంటే ఒకరికి పిండిలా ఉండే సాల్టు, ఇంకొకరికి రాళ్ళుప్పు. అందుకే నేను చెప్పే కొలత ఇడ్లీ రవ్వ. వేళ్ళ మధ్య నలిపితే పలుకు పలుకుగా తగలాలి. బొంబాయి రవ్వంత ఉన్నా ఫరవాలేదు, కాస్త మడ్డి వస్తుంది. శనగపిండిలా ఉంటే మాత్రం ప్రెస్‌లో వెయ్యొద్దు. నా మణికట్టే సాక్ష్యం.

గింజలు వేయించి ఆడించి ఇచ్చే కొట్టుకి వెళ్తే వాళ్ళు అడిగే మొదటి మాట "ఫిల్టర్‌కేనాండి?" అని. కాదు, ఇడ్లీ రవ్వలా బరకగా, చికోరీ లేకుండా అని రెండు ముక్కలూ కలిపి చెప్పండి. ఒక ముక్క మర్చిపోతే రెండోది కూడా మరుగునపడిపోతుంది.

కొట్టు దగ్గరలో లేకపోతే గింజలు తెప్పించుకుని మిక్సీలో పట్టుకోవచ్చు. చిన్న జారులో సగానికి తక్కువ గింజలు వేసి, ఒక్క సెకను గిర్రుమనిపించి ఆపండి. జారు తీసి కుదపండి. మళ్ళీ ఒక్క సెకను. ఇలా ఏడెనిమిదిసార్లు. ఒకేసారి వదిలేస్తే అడుగున పిండి, పైన బద్దలు మిగులుతాయి, పైగా పొడి వేడెక్కి వాసన పోతుంది. పట్టాక పిండి జల్లెడలో వేసి రెండు మూడుసార్లు కదపండి. కిందికి రాలిన మెత్తటి పొడి మన ఇత్తడి ఫిల్టర్‌కి, పైన నిలిచిన రవ్వ ప్రెస్‌కి. ఒక్క గింజా వృథా కాదు. మా అత్తయ్యగారి ఫిల్టరూ నా ప్రెస్సూ ఇప్పుడు ఇలాగే పొత్తు కుదుర్చుకున్నాయి.

చికోరీ సంగతి కొంచెం చెప్పాలి. చికోరీ ఒక మొక్క వేరు. దాన్ని వేయించి పొడి చేసి కాఫీలో కలుపుతారు. మన దేశంలో కాఫీ, చికోరీ కలిపి అమ్మేదాంట్లో కాఫీ కనీసం 51 శాతం ఉండాలని ఆహార భద్రతా నిబంధన. అంటే సగం దగ్గర దాకా చికోరీ ఉన్నా అది చట్టప్రకారం సరైన సరుకే. పాలు పోసుకునే డికాక్షన్‌కి చికోరీ చిక్కదనం, రంగు ఇస్తుంది, దాన్ని నేను తప్పుపట్టను. ప్రెస్‌లో మాత్రం నీళ్ళకి మెత్తబడి జల్లెడ కళ్ళు మూసేస్తుంది. మీ దగ్గరున్న పొడిలో చికోరీ ఉందో లేదో తెలియకపోతే గాజు గ్లాసులో చల్లనీళ్ళు తీసుకుని చిటికెడు పొడి పైన చల్లండి. కాఫీ చాలాసేపు తేలుతుంది. చికోరీ గోధుమరంగు గీతలు వదుల్తూ కిందికి దిగుతుంది. పిల్లలకి చూపించండి, సరదాపడతారు.

గింజలకి దూరం పోనక్కర్లేదు. మన రాష్ట్రపు అరకు వ్యాలీ అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. గిరిజన సహకార సంస్థ దుకాణాల్లో అరకు కాఫీ దొరుకుతుంది. మారేడుమిల్లి వెళ్ళినవాళ్ళు అక్కడి కాఫీ తోటలు చూసే ఉంటారు. నాకు ముచ్చటగా అనిపించే విషయం ఒకటుంది. సీలేరు పక్క కొండల మీద పడ్డ వాన శబరిలో కలిసి, కూనవరం దగ్గర గోదావరిలోకి వచ్చి, ధవళేశ్వరం దాటి మన కాలవల్లోకి దిగుతుంది. ఆ కొండల గింజని ఆ నీళ్ళలోనే నానబెడుతున్నాం అన్నమాట.

పొడి నిల్వకి ఒక మాట. మన సముద్రపు గాలికి అప్పడాలే మెత్తబడతాయి, ఇక కాఫీ పొడి ఎంత. గాలి చొరని డబ్బాలో, పొయ్యికి దూరంగా, చీకటి అరలో పెట్టండి. ఫ్రిజ్‌లో పెట్టి రోజూ తీస్తూ ఉంటే చెమ్మ పడుతుంది. వానాకాలంలో పావుకిలో కంటే ఎక్కువ కొనకండి.

నీళ్ళు

మా వీధి బోరు నీళ్ళు ఉప్ప. వాటితో కాఫీ పెడితే ఎంత మంచి గింజైనా మందులా ఉంటుంది. మంచినీళ్ళ చెరువు నుంచి వచ్చే కుళాయి నీళ్ళు కాచి వాడితే బాగుంటుంది. ఇరవై లీటర్ల క్యాను నీళ్ళు కూడా సరే గానీ, కొన్ని ప్లాంట్ల నీళ్ళలో లవణాలు బొత్తిగా తీసేస్తారు. అలాంటి నీళ్ళతో కాఫీ చప్పగా, ఏదో తక్కువైనట్టు వస్తుంది. అలా అనిపిస్తే సగం క్యాను నీళ్ళు, సగం కాచిన కుళాయి నీళ్ళు కలిపి చూడండి. వేసవిలో కాలవలు కట్టేసినప్పుడు కుళాయి నీళ్ళ రుచి మారుతుంది. అప్పుడు మీ కాఫీ మారితే తప్పు మీది కాదు.

ఇక కాఫీ పెడదాం

350 మి.లీ. జాడీకి లెక్క చెప్తాను. నల్ల కాఫీకి 300 మి.లీ. నీళ్ళు, 20 గ్రాముల పొడి. తూకం లేకపోతే పెద్ద స్పూనుతో తలగొట్టి నాలుగు స్పూన్లు. ఒక వంతు పొడికి పదిహేను వంతుల నీళ్ళన్నది దీనికి అందరూ మొదలుపెట్టే కొలత. తర్వాత మీ నాలుకని బట్టి అటూ ఇటూ జరుపుకోండి.

ముందు జాడీలో కాసిని వేడినీళ్ళు పోసి, చుట్టూ తిప్పి పారబోయండి. చల్లటి గాజులో మరిగే నీళ్ళు పోస్తే పగిలే ప్రమాదం ఒకటి, కాఫీ ఆరిపోవడం ఒకటి, రెండూ తప్పుతాయి. జాడీని నేరుగా గ్రానైట్ బండ మీద పెట్టకుండా కింద మడతపెట్టిన బట్ట వేయండి.

పొడి వేశాక జాడీని చిన్నగా కుదిపి మట్టం చేయండి. నీళ్ళు తెర్లాక పొయ్యి ఆపి అర నిమిషం ఆగండి. 92 నుంచి 96 డిగ్రీల మధ్య వేడి కావాలి. థర్మామీటర్ ఏం అక్కర్లేదు, తెర్లే చప్పుడు ఆగి ఆవిరి నిదానంగా లేచే వేళ చాలు.

పొడి తడిసేటంత, సుమారు 50 మి.లీ. నీళ్ళు ముందుగా పోయండి. తాజా పొడి అయితే ఇక్కడే తెలిసిపోతుంది. బూరెల మూకుడులో పిండి పొంగినట్టు పైకి ఉబ్బి, బుడగలు చిట్లుతాయి. వేయించిన గింజలో ఉండిపోయిన కార్బన్ డయాక్సైడ్ అలా బయటికి పోతుంది. పొడి ఉబ్బకుండా మట్టిలా కూర్చుండిపోయిందంటే పాతబడిపోయిందన్నమాట. అర నిమిషం ఆగి మిగతా నీళ్ళు పోయండి. అంచు నుంచి రెండు వేళ్ళు ఖాళీ ఉండాలి.

మూత పెట్టండి, కడ్డీ పైకే ఉండాలి. ఇప్పుడు నాలుగు నిమిషాలు. ఫోన్‌లో టైమర్ పెట్టుకోండి. నేను ఈ నాలుగు నిమిషాల్లో వాకిట్లోకి వెళ్ళి పాలపాకెట్లు తెచ్చుకుని వస్తాను, సరిగ్గా సరిపోతుంది.

నాలుగు నిమిషాలయ్యాక మూత తీసి చూస్తే పైన తెట్టు కట్టి ఉంటుంది. స్పూనుతో ఆ తెట్టుని మెల్లిగా రెండుసార్లు కదిపి విరగ్గొట్టండి. పొడి కిందికి దిగడం మొదలవుతుంది. పైన మిగిలిన లేత నురగని స్పూనుతో తీసేయండి. ఇక్కడ ఓపిక ఉన్నవాళ్ళు ఇంకో నాలుగైదు నిమిషాలు ఊరికే వదిలేస్తే మెత్తటి మడ్డి అంతా అడుగుకి చేరి కాఫీ తేరుకుంటుంది. వేడి కాస్త తగ్గుతుంది, రుచి మాత్రం బాగా తేటపడుతుంది. ఆఫీసుకి పరుగెత్తేవాళ్ళకి ఈ ముచ్చట ఆదివారానికే కుదురుతుంది లెండి.

ఇప్పుడు నొక్కడం. ఒక చేత్తో పిడి పట్టుకుని, రెండో అరచేతిని కడ్డీ మీద ఆనించి, చేతి బరువుతోనే దించండి. పది పదిహేను సెకన్లు పట్టాలి. మధ్యలో బిగిస్తే బలం పెట్టకండి. కడ్డీని ఒక అంగుళం పైకి లాగి, ఆగి, మళ్ళీ దించండి. పిప్పిని అడుగుకి పిండేయాల్సిన పని లేదు, దాన్ని తాకితే చాలు. పిండితే చేదు దిగుతుంది.

వెంటనే మొత్తం వంపేయండి. ఇది అందరూ చేసే పొరపాటు: ఒక కప్పు పోసుకుని మిగతాది జాడీలోనే ఉంచుతారు. పిప్పి ఇంకా నానుతూనే ఉంటుంది, రెండో కప్పు చేదెక్కుతుంది. మిగిలింది ఫ్లాస్కులో పోసుకోండి. ఆఖరి గుక్కెడు మాత్రం జాడీలోనే వదిలేయండి, అందులో ఉండేది మడ్డే.

పాలు పోసుకునేవాళ్ళకి

పైన చెప్పిన కొలతతో పెట్టి పాలు పోస్తే మీ ఇంట్లోవాళ్ళు కప్పు వైపు, మీ వైపు మార్చి మార్చి చూస్తారు. మా అత్తయ్యగారు మొదటిసారి తాగి, "అమ్మాయ్, ఇది కాఫీయా, కప్పు కడిగిన నీళ్ళా?" అన్నారు. ఆవిడ తప్పేం లేదు. మన చిక్కటి గేదెపాలకి ఎదురు నిలవాలంటే డికాక్షన్ కూడా అంత చిక్కగా ఉండాలి.

దానికి లెక్క మార్చాలి. 220 మి.లీ. నీళ్ళకి 28 గ్రాముల పొడి, అంటే ఒకటికి ఎనిమిది. పలుకు బొంబాయి రవ్వంత ఉంటే మేలు. ఆరు నిమిషాలు నాననివ్వండి. పొడి తన బరువుకి రెండింతల నీళ్ళు తాగేస్తుంది కాబట్టి వంచితే 160 మి.లీ. చేతికొస్తుంది. దాంట్లో అంతే కొలత కాగిన గేదెపాలు కలిపితే రెండు గ్లాసుల కాఫీ. ఆవుపాలైతే కాస్త తక్కువ పోయండి. బెల్లం వేసుకునేవాళ్ళు కాఫీ కలిపి దించాక, తాగబోయే ముందు వేసుకోండి. పాలతోపాటు మరిగిస్తే విరిగే ప్రమాదం ఉంది.

ఇంత చేసినా ఇది ఫిల్టర్ కాఫీ కాదు, ముందే చెప్తున్నాను. ఫిల్టర్ డికాక్షన్ గాఢత వేరు, చికోరీ ఇచ్చే నిండుదనం వేరు. ప్రెస్ కాఫీలో గింజ నూనె కప్పులోకి వస్తుంది కాబట్టి నోట్లో బరువుగా, కాస్త జిడ్డుగా ఉండి, గింజ అసలు వాసన తెలుస్తుంది. పొద్దున్న ఐదున్నరకి మా ఇంట్లో ఇప్పటికీ ఇత్తడి ఫిల్టరే. ప్రెస్ నాకు పదకొండింటికి, పనులన్నీ తెమిలాక.

ఆ నూనె గురించే ఒక జాగ్రత్త. అందులో కెఫెస్టాల్ అనే పదార్థం ఉంటుంది, అది చెడ్డ కొలెస్టరాల్‌ని పెంచుతుంది. కాగితం ఫిల్టర్ దాన్ని పట్టేస్తుంది, లోహపు జల్లెడ పట్టలేదు. కొలెస్టరాల్‌కి మందులు వాడేవాళ్ళు రోజూ మూడు నాలుగు కప్పులు ఇలా తాగొద్దు. ప్రెస్‌లో పెట్టిన కాఫీనే కాగితం ఫిల్టర్‌లోంచి వడకట్టుకుంటే ఆ ఇబ్బంది చాలామటుకు పోతుంది. మా ఆయన అలాగే తాగుతున్నారు.

రుచి కుదరకపోతే ఒకసారికి ఒకటే మార్చండి. నాలుక వెనకాల చేదు పట్టేస్తే పొడి మెత్తనైంది, లేదా ఎక్కువసేపు నానింది. పుల్లగా, పలచగా ఉంటే పొడి మరీ బరక, లేదా నీళ్ళు చల్లబడిపోయాయి. కడ్డీ అడ్డేమీ లేకుండా జారిపోతే పొడి బరకైనా అయ్యుండాలి, జల్లెడ అంచు వంగిపోయైనా ఉండాలి.

టీ

మన ఊళ్ళ టీ వేరే జాతి. పొడి, పాలు, పంచదార, అల్లం అన్నీ కలిపి పొంగించి, దించి, మళ్ళీ పొంగించే టీకి ప్రెస్ అక్కర్లేదు. రావులపాలెం సెంటర్లో బస్సు ఆగిన ఐదు నిమిషాల్లో తాగే టీ ఇందులో రాదు, రప్పించాలని చూడకండి.

ప్రెస్ బాగా పనికొచ్చేది ఆకు టీకి. 300 మి.లీ. నీళ్ళకి రెండు టీ స్పూన్ల ఆకు. నల్ల టీ అయితే సలసల తెర్లే నీళ్ళు, మూడు నిమిషాలు. గ్రీన్ టీ అయితే నీళ్ళు తెర్లాక నాలుగైదు నిమిషాలు ఆరనిచ్చి పోసి, రెండు నిమిషాలకే వంపేయండి. తెర్లే నీళ్ళు పోస్తే గ్రీన్ టీ పచ్చి పోకచెక్క నమిలినంత వగరు. జల్లెడని ఆకు దాకా దించకండి, ఆకుకి కాస్త పైన ఆపి వంచుకోండి. ఆకుని నొక్కితే వగరంతా కప్పులోకే. కాఫీలాగే ఇక్కడా మొత్తం ఒకేసారి వంపేయాలి.

డస్ట్ టీ వెయ్యొద్దు, జల్లెడలోంచి జారిపోతుంది. పాల టీయే కావాలనుకుంటే గుళికలుగా ఉండే టీపొడి మూడు టీ స్పూన్లు, 200 మి.లీ. తెర్లే నీళ్ళు, నాలుగు నిమిషాలు, ఆపైన వేడిపాలు. అల్లం వేయాలంటే ముందు దంచి నీళ్ళతోపాటు రెండు మూడు నిమిషాలు మరిగించి, ఆ నీళ్ళే ప్రెస్‌లో పోయండి. పచ్చి అల్లంలో పాలను విరగ్గొట్టే ఎంజైము ఉంటుంది, మరిగితే దాని బలం పోతుంది.

నాకు ఇష్టమైంది పెరటి టీ. నిమ్మగడ్డి రెండు పోచలు మడిచి కత్తిరించి, నాలుగు తులసాకులు వేసి, తెర్లే నీళ్ళు పోసి ఐదారు నిమిషాలు. గాజు జాడీలో ఆకుపచ్చ రంగు దిగుతుంటే చూడ్డానికే బాగుంటుంది. శంఖుపూలు నీలంవి ఐదారు వేస్తే నీళ్ళు ముదురు నీలం అవుతాయి, నిమ్మరసం పిండగానే ఊదారంగుకి మారిపోతాయి. పువ్వులో ఉన్న రంగు పులుపు తగిలితే మారే రకం. అయితే మీ పెరట్లో మందు కొట్టకుండా పెరిగిన పూలే వాడండి. కడియపులంక నర్సరీ నుంచి నిన్న తెచ్చిన కుండీ పూలు ఇవాళ కప్పులో వేయకండి. అందం కోసం పెంచే మొక్కలకి పురుగుమందు కొట్టి ఉండొచ్చు. అలా తెచ్చిన మొక్కకి కొత్త చిగుళ్ళు వేసి, కొత్త పూలు పూసేదాకా ఆగండి.

రోహిణి కార్తెకి, కొబ్బరినీళ్ళ కాఫీ

మే నెల ఉక్కలో వేడి కాఫీ గొంతు దిగదు. అప్పుడు ప్రెస్‌ని రాత్రిపూట పనిలో పెట్టండి. 300 మి.లీ. చల్లటి మంచినీళ్ళలో 35 గ్రాముల బరక పొడి కలిపి, మూత పెట్టి, కడ్డీ పైకే ఉంచి ఫ్రిజ్‌లో పెట్టేయండి. పన్నెండు గంటల తర్వాత మెల్లిగా దించి వంచుకోండి. వేడి తగలదు కాబట్టి చేదు, పులుపు రెండూ తక్కువ. సగం చల్లటి పాలు, ఐసు వేసుకుని తాగొచ్చు. వంచి సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెడితే రెండు మూడు రోజులు బాగుంటుంది.

కోనసీమలో పుట్టినందుకు ఇంకో మెట్టు ఎక్కొచ్చు. మంచినీళ్ళకి బదులు బొండాం నీళ్ళు పోయండి. 300 మి.లీ. బొండాం నీళ్ళకి 25 గ్రాముల పొడి చాలు. బొండాం లేతది కావాలి, మీగడ పట్టీపట్టనిది. కొబ్బరి ముదిరితే నీళ్ళ తీపి తగ్గి కాఫీతో గొడవపడతాయి. చెట్టు దింపినవాణ్ణి అడిగితే గోటితో గీకి చూసి ఇస్తాడు. కొట్టిన వెంటనే వడకట్టి జాడీలో పోసి, ఫ్రిజ్‌లో పెట్టాలి. బయట ఉంచితే తెల్లారేసరికి పులిసిపోతుంది. పంచదార అక్కర్లేదు, పాలు వద్దేవద్దు. ఆ రోజే తాగేయాలి. మొదటి గుక్కకి వింతగా ఉంటుంది, మూడో గుక్కకి గ్లాసు ఖాళీ. ఇది తాగాకే మా అత్తయ్యగారు ప్రెస్‌ని జంతికల గొట్టం అనడం మానేశారు.

కడగడం, ఒక ఇంగువ కథ

కాఫీ వంపేశాక జాడీ వేడి తగ్గనివ్వండి. పిప్పిని సింకులో పోయకండి, గొట్టంలో కూరుకుపోతుంది. కాసిని నీళ్ళు పోసి తిప్పి, టీ వడగట్టులోంచి వంపి, పిప్పి కరివేపాకు మొదట్లోనో ఎరువు గోతిలోనో వేయండి. గాజుని కొబ్బరిపీచుతోను, స్టీలు పీచుతోను తోమకండి. మనకి చేతికందేది అదే గానీ గీతలు పడ్డ గాజు ఒకరోజు వేడినీళ్ళకి ఠప్పుమంటుంది. మెత్తటి స్పాంజి చాలు.

జల్లెడని వారానికోసారైనా విప్పాలి. కడ్డీ చివర మరతిప్పితే మూడు బిళ్ళలు ఊడతాయి. పైన అంచుకి స్ప్రింగు చుట్టిన బిళ్ళ, మధ్యలో సన్నటి జల్లెడ, కింద చిల్లుల బిళ్ళ. మొదటిసారి విప్పేముందు ఫోన్‌తో ఫోటో తీసుకోండి, తిరిగి బిగించేటప్పుడు వరస మర్చిపోతారు. జల్లెడ అంచు స్ప్రింగు మీదికి, పైకి మడిచి ఉండాలి. పాత టూత్‌బ్రష్‌తో వంటసోడా అద్ది రుద్దితే కాఫీ నూనె వదులుతుంది. ఆ నూనె పేరుకుంటే రేపటి టీలో నిన్నటి కాఫీ వాసన వస్తుంది.

ప్రెస్‌తో పాలు నురగ కూడా తీయొచ్చు. గోరువెచ్చటి కన్నా కాస్త వేడిగా, వేలు పెడితే చురుక్కుమనేటంత కాగిన పాలు మీగడ తీసి, జాడీలో మూడోవంతు దాకా పోసి, కడ్డీని పాతిక ముప్ఫైసార్లు పైకీ కిందకీ ఆడించండి. గ్లాసు, గిన్నె పట్టుకుని ఎత్తుగా తిరగబోసిన దానికన్నా దట్టంగా నురగ కడుతుంది. మరిగే పాలతో మాత్రం చేయకండి, చిమ్ముతాయి.

ఈ నురగ విద్య నేర్పి నేనే తప్పు చేశాను. కిందటి శ్రావణంలో ఒకరోజు పదకొండింటి కాఫీ నోట్లో పోసుకుంటే ఇంగువ వాసన. పొడి మార్చాను, నీళ్ళు మార్చాను, ఊఁహూఁ. జల్లెడ విప్పి చూస్తే మధ్య బిళ్ళకి సన్నటి కరివేపాకు తునక అంటుకుని ఉంది. అత్తయ్యగారిని అడిగితే, "మజ్జిగ చిలికాను. కవ్వం ఎందుకే ఇది ఉండగా, నురగ ఎంత బాగా వచ్చిందో" అన్నారు. వంటసోడా వేసిన వేడినీళ్ళలో రాత్రంతా నానబెట్టి, ఎండలో రెండు రోజులు ఆరబెడితే గానీ ఆ వాసన వదల్లేదు. ఇప్పుడు మా ఇంట్లో రెండు ప్రెస్‌లు ఉన్నాయి. ఒకదాని మూత మీద ఎర్ర గోళ్ళరంగు చుక్క ఉంటుంది. అది మజ్జిగది.